ఆకాశంలో పిల్లిమొగ్గలు

మా నెల్లూరువాళ్ళకి తలెత్తి ఆకాశంకేసి చూడడం ఓ అలవాటు. చలికాలం వచ్చిందంటే పులికాట్ సరస్సుకి రాజహంసలు వస్తాయి, నేలపట్టు చెట్లమీద గూడబాతులు కాపురాలు పెడతాయి. అవి చాలవన్నట్టు శ్రీహరికోట ఒకటి. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ, రాకెట్టు మాత్రం మాదే అన్న భావం మాకింకా పోలేదు. కాగితం మీద గీతలు గీసినంత మాత్రాన పుట్టింటి మమకారం పోతుందా చెప్పండి? రాకెట్టు లేస్తుందని తెలిస్తే ఇప్పటికీ చేతిలో పని చేతిలోనే వదిలేసి మిద్దె ఎక్కుతాం. దక్షిణంగా తెల్లటి పొగచార ఒకటి ముగ్గుగీతలా పైకి పోతుంది. 'అదుగో, అదుగో' అనుకుంటాం. అది కనబడకుండా పోయాక కిందికి దిగి, పొంగిపోయిన పాలు తుడుచుకుంటాం.

అయితే ఈ చూడ్డంలో ఉన్న సరదా అంతా పైకి పోయేవాళ్ళు మనింటివాళ్ళు కానంతవరకే. మనింటి పిల్లవాడే 'నేను పైకి పోతాను' అన్నప్పుడు ఆకాశం ఒక్కసారిగా ఎత్తు పెరిగిపోతుంది.

మా అక్క మనవడు టెక్సాస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆ ఉద్యోగం కోసం మా అక్క రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉద్యోగం రొట్టె పట్టింది. మరుసటేడు కోరిక తీరిందని తిరిగి రొట్టె వదిలింది కూడాను. దర్గాకు పోయే మా ఊరివాళ్ళకి ఇందులో వింతేం లేదు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఆరోగ్యం రొట్టె, అన్నీ ఉన్నాయి. 'కానీ విమానం రొట్టె అంటూ ఒకటుంటే బాగుండేదే' అంది మా అక్క మొన్న సంక్రాంతికి, కళ్ళు తుడుచుకుంటూ.

సంగతేమిటంటే, మనవడు శని ఆదివారాల్లో ఊరికే కూర్చోకుండా జైరోప్లేన్ నడపడం నేర్చుకున్నాడట. లైసెన్సు కూడా వచ్చిందట. పండక్కి వచ్చినప్పుడు ఫోనులో బొమ్మలు చూపించాడు. చూస్తే అది విమానమూ కాదు, హెలికాప్టరూ కాదు. ముందు ఇద్దరు కూర్చునే తొట్టె, వెనక ఓ పంకా, నెత్తిమీద పొడుగాటి రెండు రెక్కలు, చిన్న తోక. మా వారు కళ్ళజోడు సవరించుకుని, 'ఇది నేను చూశానే! మద్రాసులో జేమ్స్ బాండ్ సినిమాలో!' అన్నారు. నిజమేనట. 1967లో వచ్చిన 'యు ఓన్లీ లివ్ ట్వైస్' సినిమాలో కథానాయకుడు ఎగిరే బుల్లి యంత్రం అదే. నటుడి బదులు దాన్ని నడిపింది దాన్ని తయారుచేసిన కెన్ వాలిస్ అనే ఆయనే. ఆయన రెండో ప్రపంచయుద్ధంలో బాంబరు విమానాలు నడిపిన మనిషి. తొంభయ్యేడేళ్ళు బతికి 2013లో పోయారట.

'చూశావా అమ్మమ్మా, తొంభయ్యేడేళ్ళు!' అన్నాడు మనవడు.

మా అక్క ఆ లెక్కకి లొంగే మనిషి కాదు. గాలిలో ఎగిరేవాటి పేరెత్తితే మన తెలుగిళ్ళలో గుర్తొచ్చేవి వేరే. 2002లో కైకలూరు దగ్గర బాలయోగి గారు, 2004లో బెంగుళూరులో సౌందర్య, 2009లో నల్లమల అడవుల్లో రాజశేఖరరెడ్డి గారు. ఒక్కొక్కసారీ వంటింట్లో గరిటె అలాగే చేతిలో పట్టుకుని టీవీ ముందు నిలబడిపోయినవాళ్ళం మనం. మా అక్క ఆ మూడూ వేళ్ళమీద లెక్కపెట్టి చూపించింది.

'అవి వేరు, ఇది వేరు అమ్మమ్మా' అన్నాడు వాడు. 'రేపు మైపాడు పోదాం, అక్కడ చూపిస్తా.'

మైపాడు మా సముద్రం. ఊరికి పాతిక కిలోమీటర్లలోపే. దారిపొడవునా వరిచేలు, రొయ్యల గుంటలు, ఆపైన సరుగుడు తోటలు, ఆ తోటలు దాటగానే ఒక్కసారిగా నీళ్ళు. పండగ రోజులు కదా, ఇసకమీద జనం తిరణాలలా ఉన్నారు. ఒక ముసలాయన తాటాకు గాలిమరలు అమ్ముతున్నాడు. అవి మీరూ చిన్నప్పుడు ఆడుకునే ఉంటారు. రెండు తాటాకు ముక్కలు అడ్డంగా మెలిపెట్టి, మధ్యన తుమ్మముల్లు గుచ్చి, పుల్లకి తగిలించి పట్టుకుని పరిగెత్తితే గిరగిరా తిరుగుతుంది.

మనవడు ఒకటి కొని మా అక్క చేతికిచ్చాడు. 'పట్టుకుని నడువమ్మమ్మా.'

మా అక్క నడిచింది. తిరిగింది. ఆగింది. ఆగిపోయింది.

'అంతే! జైరోప్లేన్ నెత్తిమీద రెక్కలు తిప్పేది ఇంజను కాదు, గాలి. ఇంజను వెనకనుంచి బండిని ముందుకు తోస్తుంది. ముందుకు పోతుంటే కిందినుంచి రెక్కల్లోకి గాలి దూరుతుంది. ఆ గాలికి రెక్కలు తిరుగుతాయి. తిరుగుతున్న రెక్కలు బండిని పైకెత్తి పట్టుకుంటాయి. నిమిషానికి మూడొందలు, నాలుగొందల చుట్లు.'

'ఇంజను ఆగిపోతే?' అన్నాను నేను. ఆడవాళ్ళం, మనకి ముందు తోచేది అదే గదా.

'ఆగిపోయినా రెక్కలు ఆగవు చిన్నమ్మమ్మా. బండి కిందికి దిగుతుంటే ఆ దిగడంలో వచ్చే గాలికే తిరుగుతుంటాయి. మీ ఇంట్లో మాధవీలత ఉండాది గదా, దాని కాయ ఎట్టా పడుతుంది?'

నాకు ఠక్కున అర్థమైంది. మా పెరట్లో పందిరిమీద మాధవీలత ఉంది. కావ్యాల్లో మాధవీలతే, ఊరికే ఎర్రపూల గుత్తులు పూసే తీగ కాదు. దాని కాయకి మూడు రెక్కలుంటాయి. ఎండిన కాయ రాలితే రాయిలా దబ్బున పడదు, గిరగిరా తిరుగుతూ తీరిగ్గా దిగుతుంది. ఆ కాయ ఏ ఇంజనీరింగు కాలేజీలోనూ చదవలేదు గానీ, జైరోప్లేను కిటుకు దానికి పుట్టుకతోనే వచ్చు.

ఈ యంత్రం పుట్టిందే భయంలోంచిట. స్పెయిన్‌లో హువాన్ దె లా సియెర్వా అనే కుర్ర ఇంజనీరు మూడింజన్ల విమానం ఒకటి తయారుచేశాడు. 1919లో అది గాలిలో వేగం తగ్గి, రెక్కల పట్టు తప్పి కూలిపోయింది. వేగం తగ్గినా పడిపోని విమానం ఉండాలి అని ఆయన పట్టుబట్టాడు. మొదట చేసినవి లేవకముందే పక్కకి దొర్లిపోయేవి. తిరిగే రెక్కల్లో ముందుకు వచ్చేదానికి గాలి ఎక్కువ, వెనక్కి పోయేదానికి తక్కువ, అందుకని ఒకవైపే పైకి లేచేది. చివరికి రెక్కల మొదట్లో తలుపుకి పెట్టినట్టు బందులు పెట్టి, వాటిని కాస్త పైకీ కిందికీ ఊగనిచ్చాడు. 1923 జనవరిలో మాడ్రిడ్ దగ్గర అది చక్కగా ఎగిరింది. 1928లో ఇంగ్లీషు ఛానెల్ దాటింది. విధి చూడండి, ఇంత క్షేమమైన యంత్రం కనిపెట్టిన మనిషి 1936 డిసెంబరులో లండన్ పక్కన క్రాయ్‌డన్‌లో మంచుపొగలో మామూలు ప్రయాణికుల విమానం కూలి పోయాడు. తన యంత్రంలో కాదు.

ఇంకో కబురు చెప్పాడు, అది విని నాకు ఉత్సాహం వచ్చింది. అమెరికాలో అమీలియా ఇయర్‌హార్ట్ అని పేరుమోసిన పైలట్ ఉండేది చూశారూ, ఆవిడ 1931 ఏప్రిల్‌లో ఇలాంటి యంత్రంలోనే 18,415 అడుగుల ఎత్తుకి పోయి రికార్డు పెట్టింది. 'ఆడది ఎక్కినదాన్ని మగపిల్లవాడు ఎక్కితే తప్పేంటి?' అని నేనే వాణ్ణి వెనకేసుకొచ్చాను.

మా అక్క కూడా మెత్తబడింది. బజ్జీలు తిన్నాం. సూర్యుడు వెనక సరుగుడు తోటల్లోకి దిగాడు. అంతా బాగానే ఉంది, వాడు ఫోనులో ఇంకొక్క వీడియో చూపించకపోతే.

అందులో ఓ జైరోప్లేను నేలమీదికంటా వంగి, వేగం అందుకుని, నిట్టనిలువుగా లేచి, తలకిందులై, అవతలివైపు దిగి మళ్ళీ తిన్నగా అయింది. సాక్షాత్తూ పిల్లిమొగ్గ!

'వచ్చే వేసవికి నేనూ ఇది కొడతా' అన్నాడు వాడు.

మా అక్క చేతిలో గాలిమర ఇసకలో పడింది.

ఆ రాత్రి మా అక్క నా పక్కలో చేరి, 'ఏమే, నీ మాటంటే వాడికి గురి. నా తలమీద చెయ్యి పెట్టి ఒట్టేయించవే, పల్టీలు కొట్టనని' అంది. నాకు ఒట్లమీద నమ్మకం లేదు. ఒట్టు పెట్టినవాళ్ళు పక్కనున్నంతసేపే అది నిలబడుతుంది. టెక్సాస్‌లో మూడువేల అడుగుల ఎత్తున, చేతిలో పిడి పట్టుకుని కూర్చున్న పాతికేళ్ళ వాడికి నెల్లూరు మూలాపేటలో అమ్మమ్మ తల ఎక్కడ గుర్తుంటుంది? వాడికి ఆ క్షణంలో గుర్తుండవలసింది వాడి సొంత తెలివే. అందుకని ఒట్టు ఊసెత్తకుండా, పొద్దున్నే వాడికి పెసరట్టు వేస్తూ అడగడం మొదలుపెట్టాను.

'మొత్తం ఎన్ని గంటలు ఎగిరావురా?'

'డెబ్భై దాకా.'

'లైసెన్సుకి ఎన్ని కావాలి?'

'నేను తీసుకున్నదానికి కనీసం ఇరవై.'

ఇరవై గంటలంటే, అమ్మా, నేను కుట్టుమిషను నేర్చుకోడానికి అంతకన్నా ఎక్కువ పట్టింది. అది బల్లమీంచి ఎక్కడికీ ఎగరదు కూడాను.

'సరే, ఆ పల్టీలో బండి తలకిందులైనప్పుడు ఏమవుతుంది? నాకు అర్థమయ్యేట్టు చెప్పు.'

వాడు చెప్పడానికి మొదలుపెట్టి, సగంలో నీళ్ళు నమిలాడు. కానీ తెలివైన పిల్లవాడు. లోపల్నించి వాళ్ళ పాఠాల పుస్తకం ఫోనులో తెరిచి, నాకు చెబుతూ తనూ చదువుకుంటూ వచ్చాడు. నాకు అర్థమైనంతవరకు మీకూ చెబుతాను. మన ఇళ్ళలో పిల్లలు రేపు ఏం ఎక్కుతామంటారో ఎవరికి తెలుసు?

నెత్తిమీది రెక్కలకి తిండి గాలి. ఆ గాలి కిందినుంచి బలంగా దూరాలంటే బండి బరువు రెక్కలకి వేలాడుతూ ఉండాలి. ఉయ్యాల్లో కూర్చుంటే గొలుసులు బిగుతుగా ఉంటాయి చూడండి, అలాగ. బరువు ఉన్నంతసేపూ అవి జోరుగా తిరుగుతాయి. బరువు తేలిపోయిందంటే తిండి ఆగిపోయిందన్నమాట. తిరుగుడు మందగిస్తుంది. మరీ మందగిస్తే రెక్కలు బిర్రు పోయి, తడిసిన తాటాకుల్లా పైకీ కిందికీ కొట్టుకుంటాయి. వెనకనున్న పంకాకో తోకకో తగులుతాయి. ఇక చెప్పేదేముంది?

బరువు తేలిపోవడం అంటే మనకీ తెలుసు. రంగులరాట్నం పైనుంచి కిందికి దిగేటప్పుడు కడుపులో గుల్లగా అనిపిస్తుందే, అదే. 2021 జూలైలో మన తెలుగింటి ఆడపడుచు బండ్ల శిరీష రాకెట్ విమానంలో పైకి పోయి, కాసేపు బరువు లేకుండా తేలితే మనమంతా టీవీలో చూసి మురిసిపోయాం. ఆ యంత్రానికి అది వరం. జైరోప్లేనుకి అదే గండం.

'మరి పల్టీలో తలకిందులైతే బరువు తేలిపోదా?' అన్నాను.

'వేగం సరిగ్గా ఉంటే తేలదు చిన్నమ్మమ్మా. నీళ్ళ చెంబుకి తాడు కట్టి గిరగిరా తిప్పితే, పైన బోర్లాపడ్డా నీళ్ళు పడవు గదా!'

'నెమ్మదిగా తిప్పితే?'

వాడు మాట్లాడలేదు. నెమ్మదిగా తిప్పితే ఏమవుతుందో నూతి దగ్గర ఆడుకున్న పిల్లలందరికీ తెలుసు. నీళ్ళు నెత్తిన పడతాయి. చెంబు నీళ్ళయితే తువ్వాలు పెట్టి తుడుచుకోవచ్చు.

ఇంకో సంగతి కూడా ఉంది. వెనక పంకా బండిని తోస్తుంది గదా, ఎక్కడ తోస్తుంది అన్నది ముఖ్యం. బీరువాని జరపాలంటే నడుం దగ్గర చెయ్యి వేసి తోస్తాం. నెత్తిమీద చెయ్యి వేసి తోస్తే అది జరగదు, ముందుకి బోర్లాపడుతుంది. కొన్ని జైరోప్లేన్లలో పంకా తోపు బండి బరువుకి నడిమధ్య కాకుండా కాస్త పైన పడుతుంది. మామూలుగా నెత్తిమీది రెక్కలు వెనక్కి లాగిపట్టుకుని ఉంటాయి గనుక ఏమీ కాదు. రెక్కల పట్టు సడలిన మరుక్షణం బండి ముక్కుమీదికి బోర్లాపడిపోతుంది. ఒకటి రెండు క్షణాల్లో అయిపోతుందట. 'అమ్మా' అనేంత వ్యవధి కూడా ఉండదు. ఈ ప్రమాదాలు చాలాసార్లు జరిగాక బ్రిటన్‌లో గ్లాస్గో విశ్వవిద్యాలయం వాళ్ళు 1990లలో దీన్ని పరిశోధించి, తోపూ బరువూ ఇంచుమించు ఒకే గీతమీద ఉండాలని తేల్చారు. ఇప్పటి బళ్ళు చాలావరకు అలా జాగ్రత్తపడి, వెనక పెద్ద తోక పెట్టి చేస్తున్నారు. అయినా బండి మంచిదైనంత మాత్రాన తోలేవాడి చెయ్యి మంచిదవదు.

ఆ చెయ్యి సంగతే కొత్తవాళ్ళకి అసలు చిక్కు. పాయసం నిండా పోసిన పళ్ళెం పట్టుకుని నడిచే పిల్లని చూడండి. పళ్ళెం కొంచెం ఇటు ఒరిగితే అటు వంచుతుంది. అటు ఒరిగేసరికి ఇటు వంచుతుంది. సర్దడం ఎప్పుడూ ఓ రవ్వ ఆలస్యం, ఓ రవ్వ ఎక్కువ. నాలుగడుగులు వేసేసరికి పాయసం పట్టుపరికిణీ మీద ఉంటుంది. జైరోప్లేనులోనూ అంతేనట. ముక్కు లేచిందని కిందికి నొక్కుతాడు, దిగిందని పైకి లాగుతాడు. ఒక్కో ఊపూ పెద్దదవుతూ పోతుంది. చివరి ఊపులో బరువు తేలిపోతుంది. దానికి విరుగుడు ఏమిటయ్యా అంటే, ఇంజను జోరు తగ్గించి చేతిని నిశ్చలంగా ఉంచడం. భయపడ్డ చెయ్యి నిశ్చలంగా ఉండదు. అలవాటుపడ్డ చెయ్యి ఉంటుంది. ఆ అలవాటు డెబ్భై గంటల్లో వస్తుందా?

ఇందులో ఇంకా విచిత్రమేమిటంటే, మామూలు విమానం నడపడం వచ్చినవాళ్ళకి ఒక్కోసారి మరింత ప్రమాదమట. వాళ్ళకి ముందు నేర్పే పాఠం, వేగం తగ్గితే ముక్కు కిందికి వంచమని. నిట్టనిలువుగా ఎక్కిన జైరోప్లేనులో ఆ పనే గబుక్కున చేస్తే బరువు తేలిపోతుంది. పుట్టింట్లో మెచ్చుకున్న పనికే అత్తింట్లో చీవాట్లు తిన్నట్టన్నమాట.

1970 సెప్టెంబరులో ఇంగ్లండులో ఫార్న్‌బరో వైమానిక ప్రదర్శన జరిగింది. అక్కడ వాలిస్ గారు తయారుచేసిన జైరోప్లేనునే, ఎన్నో విమానాలు పరీక్షించి చూసిన టెస్ట్ పైలట్ ఒకాయన నడిపాడు. జోరుగా పోతున్న బండి ముక్కు ఉన్నట్టుండి వంగి, గాలిలోనే విరిగిపోయింది. ఆయన దక్కలేదు. అంత అనుభవం ఉన్నవాడికే అలా జరిగింది. మన దగ్గర 2010 మార్చి 3న హైదరాబాదు బేగంపేట ప్రదర్శనలో నావికాదళం సాగర్ పవన్ జట్టు విమానం ఇళ్ళ మధ్య కూలి ఇద్దరు పైలట్లు పోయారు. అది జైరోప్లేను కాదు. వాళ్ళు ఏళ్ళ తరబడి సాధన చేసిన వాళ్ళు, దేశం ఏరికోరి పంపిన వాళ్ళు. ఆ సంగతి నేను గుర్తుచేస్తే మనవడు పెసరట్టు తుంచడం మానేశాడు.

'నీ బండికి పుస్తకం ఇస్తారు గదా, దాన్లో పల్టీల గురించి ఏం రాశారు?' అన్నాను.

'విన్యాసాలు చేయరాదని ఉండాది' అన్నాడు, చాలా నెమ్మదిగా.

'మరి?'

'వీడియోలో ఆయన చేశాడు గదా! 1930లలోనే అమెరికా ప్రదర్శనల్లో ఇట్టాంటి బండితో పల్టీలు కొట్టిన వాళ్ళున్నారు.'

మా వారు పేపరు వెనకనుంచి, 'తీగమీద నడిచే వాళ్ళూ ఉన్నారోయ్, అందుకని బట్టలారేసే తీగమీద మీ చిన్నమ్మమ్మని నడవమంటావా?' అన్నారు. ఈయన మాట సాయం ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. పక్షం మనదే, ఉపమానం మాత్రం మనమీదే.

నేను వాడితో చెప్పింది ఒక్కటే. చేయగలిగినవాళ్ళు లేరని కాదు. ఉన్నారు. అలాంటివాళ్ళ వెనక ఎన్ని వేల గంటలున్నాయో, ఎవరి దగ్గర ఎన్నేళ్ళు నేర్చుకున్నారో, ఎన్నిసార్లు వద్దనుకుని వెనక్కి వచ్చేశారో వీడియోలో కనబడదు. కనబడేది ఆ అరనిమిషమే. మనం వండిన వంట తిన్నవాళ్ళకి పులుసు రుచి తెలుస్తుంది గానీ, అది మరిగే గంటసేపు మనం పొయ్యిదగ్గర నిలబడ్డ సంగతి తెలుస్తుందా?

అమీలియా కథలో వాడు చెప్పకుండా దాటేసిన సగం కూడా ఆ పూటే బయటికొచ్చింది. రికార్డు పెట్టిన రెండు నెలలకే, 1931 జూన్‌లో, టెక్సాస్‌లోనే అబిలీన్ అనే ఊళ్ళో ఆవిడ యంత్రం సరిగా లేవక, ఆగివున్న కార్లమీదికి పడింది. ఎవరి ప్రాణానికీ ముప్పు రాలేదు గానీ, అజాగ్రత్త అని ప్రభుత్వం వాళ్ళు ఆవిణ్ణి మందలించారు. అంతటి పైలట్‌కి మందలింపు! మావాడుండేదీ అదే రాష్ట్రం కదా, కాస్త తల వంచుకున్నాడు.

మా కోస్తాలో పుట్టినవాడికి ఈ మాట అమెరికానుంచి రానక్కర్లేదు కూడా. 2019 జూలై 15 గుర్తుందా మీకు? చంద్రయాన్-2 పోతుందని అర్ధరాత్రి దాకా దేశమంతా మేలుకుని కూర్చుంది. అప్పటి రాష్ట్రపతి గారు స్వయంగా శ్రీహరికోట వచ్చారు. ఇంకా 56 నిమిషాలుందనగా ఏదో లోపం కనబడిందని ఆపేశారు. అంతమంది ముందు, అంత ఖర్చుపెట్టి, 'ఇవాళ వద్దు' అని చెప్పడానికి ఎంత గుండె కావాలి! వారం తిరిగాక, 22వ తారీకున, అది నిక్షేపంగా లేచింది. సముద్రంమీదికి పోయే మా పట్టపువాళ్ళని చూడండి. ఇంట్లో పొయ్యి రాజక పోయినా సరే, కెరటం వాలకం నచ్చకపోతే పడవ ఒడ్డుకి లాగి వల బాగుచేసుకుంటూ కూర్చుంటారు. వాళ్ళని పిరికివాళ్ళని ఎవరూ అనరు.

ఇదంతా చెప్పి, 'నేను వద్దనడం లేదు. ఒట్టూ అడగను. నీకు నేర్పిన గురువుగారు ఉన్నారు గదా, ఆయన ముందు నిలబడి ఈ పల్టీ సంగతి అడుగు. ఆయన ఏమంటే అది నాకు చెప్పు. అంతే' అన్నాను.

వాడు అటూ ఇటూ చూసి, 'ఆయన్ని అడగలా' అన్నాడు.

'ఎందుకడగలా?'

'వద్దంటాడని.'

నేనూ మా వారూ మొహమొహాలు చూసుకున్నాం. ఇక అక్కడ నేను చెప్పవలసింది ఏమీ మిగల్లేదు. ఇంకో పెసరట్టు వేశాను.

వాడు వెళ్ళిన మూడు వారాలకి ఫోను చేశాడు. గురువుగారిని అడిగాడట. ఆయన కోప్పడలేదట. పక్కన కూర్చోబెట్టుకుని పైకి తీసుకుపోయి, బండి ముక్కు లేచినప్పుడు జోరు తగ్గించి మెల్లగా దింపడం, ఊపు మొదలైతే చెయ్యి నిలపడం, ఇంజను ఆపి అనుకున్న చోట దిగడం, ఇవే ఆ పూటంతా చేయించాడట. దిగాక, 'పల్టీ కొట్టిన వాళ్ళ పేర్లు నీకు తెలుసు. కొట్టబోయిన వాళ్ళ పేర్లు నాకు తెలుసు' అన్నాడట. ఇంగ్లీషులో అన్నాడు గానీ భావం అదీ.

'ఇంకా పది పూటలు ఆయనతోనే ఎగరమన్నాడు చిన్నమ్మమ్మా. పల్టీ మాట మళ్ళీ నేనెత్తలా.'

ఆ మాటతో మా అక్క గుండె పూర్తిగా కుదుటపడిందని అబద్ధం చెప్పను. ఇప్పటికీ ఆదివారం రాత్రయితే ఫోను పక్కనే పడుకుంటుంది. వాడు ఎగిరిన రోజున 'దిగాను' అని రెండు ముక్కలు పంపాలి. అది వాళ్ళిద్దరికీ కుదిరిన ఒడంబడిక. ఒట్టుకన్నా అది నాకు నచ్చింది. ఒట్టులో వాడు చేయని పని లెక్క, ఇందులో చేసిన పని లెక్క. అవి వచ్చేదాకా మా అక్క కంటిమీద కునుకుండదు. వచ్చాక నాకు ఫోను చేసి నిద్రలేపుతుంది.

మొన్న ఆదివారం మాత్రం వేరే కబురు వచ్చింది. 'ఇవాళ గాలి తిక్కతిక్కగా ఉండాది. బండి బయటికి తీసి, మళ్ళీ షెడ్డులో పెట్టేశా' అని. నాకు చెప్పలేనంత సంతోషమేసింది. లైసెన్సు వచ్చిన నాడు వాడు పైలట్ అయ్యాడని వాళ్ళమ్మ స్వీట్లు పంచింది గానీ, నా లెక్కలో వాడు పైలట్ అయింది మొన్న ఆదివారమే. ఆ మాటే మా అక్కకి ఫోను చేసి చెప్పాను.

అక్క కాసేపు ఏమీ అనలేదు. నా మాటలు మనసుకి పట్టించుకుంటోంది కాబోలు అనుకున్నాను.

'అయితే వాడికి బుద్ధి నిలకడగానే ఉందంటావు?' అంది చివరికి.

'బ్రహ్మాండంగా ఉంది.'

'అట్టయితే కావలివాళ్ళ సంబంధం ఒకటి వచ్చిందే. పిల్ల ఫొటో పంపమంటావా?'

ఆ ప్రయాణానికి ఎన్ని గంటల అనుభవం కావాలో, వాళ్ళ పాఠాల పుస్తకంలో ఎక్కడా రాసినట్టు లేదు.